పలకమీది పాతవ్రాత

భారత సర్వోన్నత న్యాయస్థానము 2024 అక్టోబరు 3వ తేదీన ఒక తీర్పు చెప్పినది. సుకన్య శాంత అను పాత్రికేయురాలు వేసిన వ్యాజ్యమును విచారించి, నాటి ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్, న్యాయమూర్తులు జె. బి. పార్దీవాలా, మనోజ్ మిశ్రాలతో కూడిన ధర్మాసనము ఇచ్చిన తీర్పు అది. చెరసాలలలో ఖైదీలకు కులమునుబట్టి పనులు పంచుట, కులమునుబట్టి గదులు వేరుచేయుట, కొన్ని జాతులవారిని నేరస్వభావము గలవారిగా ఎంచి వేరుగ చూచుట రాజ్యాంగమునకు విరుద్ధమని న్యాయస్థానము తేల్చినది. అట్టి నియమములను మూడు నెలలలో సవరింపవలెనని రాష్ట్రములను ఆదేశించినది. ఖైదీల పట్టికలనుండి కులమును తెలుపు గడిని తొలగింపుమన్నది. ఆ విచారణలో ఆంధ్రప్రదేశ్ కారాగార నియమములు కూడ పరిశీలనకు వచ్చినవి.

ఈ వార్త చదివిన ఉపాధ్యాయునకు ఒక సందేహము కలుగక మానదు. నేరస్థ జాతుల చట్టము 1952లోనే రద్దయినది గదా! రద్దయిన చట్టములోని మాట 72 సంవత్సరములు నియమావళులలో ఎట్లు నిలిచియున్నది? కాగితముమీద నిలుచుటకు గుమాస్తాల అలసత్వమే కారణమని కొందరందురు. కాని ఒక మాట ఎవ్వరి కంటికిని తప్పుగా తోపకపోయినప్పుడే అంతకాలము నిలుచును. కనుక ఈ ప్రశ్న న్యాయశాస్త్రమునకు ఎంత సంబంధించినదో మనస్తత్వశాస్త్రమునకును అంతే సంబంధించినది. మనుష్యులను రకములుగ విభజించుట యెట్టిది, మనోవికారమనగా నేమి, దురభిప్రాయమెక్కడ పుట్టును అను మూడు విషయములు ఇందులో పెనవేసికొని యున్నవి. వానిని విడదీసి చూచుట ఈ వ్యాసోద్దేశము.

ముందు చరిత్ర కొంత తెలియవలెను. 1871లో నాటి ప్రభుత్వము ఉత్తర హిందూస్థానమునకు వర్తించునట్లు నేరస్థ జాతుల చట్టమును చేసెను. దానిని సమర్థించినవారి వాదము చాల సులభమైనది. ఈ దేశమున సాలెవాని కొడుకు సాలెవాడు, వడ్రంగి కొడుకు వడ్రంగి అగుచున్నాడు గనుక, దొంగ కొడుకు దొంగయే కావలెనని వారు తలపోసిరి. కులవ్యవస్థను సగము తెలిసికొని చేసిన ఊహ యిది. 1911లో ఆ చట్టము మద్రాసు రాజధానికిని వ్యాపించెను. 1924లో మరల క్రోడీకరింపబడెను. జాతి యొకటి ప్రకటింపబడినంతనే అందు పుట్టినవారి పేర్లు పట్టికకెక్కించి వ్రేలిముద్రలు తీయవచ్చును. వారు నియమితవేళలలో హాజరు చెప్పుకొనవలెను. అనుమతిచీటి లేక ఊరు దాటరాదు. తల్లిదండ్రులనుండి పిల్లలను వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలకు పంపు అధికారము కూడ 1911 చట్టమున కలదు. వ్యక్తి యేమిచేసెనను విచారణ లేదు. ఎవరికి పుట్టెనను విచారణయే కలదు.

మన ప్రాంతము ఈ చరిత్రకు దూరమైనది కాదు. 1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. ఆ కర్నూలు జిల్లాలోనే నల్లమల అంచున సిద్ధాపురములో ఇట్టివారికొక నిర్బంధ వసతి యుండెను. తూర్పున నెల్లూరు జిల్లాలోని కావలిలో మరియొకటి క్రైస్తవ మిషను నిర్వహణలో నడచెను. బాపట్లచెంత స్టూవర్టుపురము 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతిమీదుగా వెలసెను. అందలి ఎరుకలవారిని చీరాల పొగాకు కర్మాగారములో కూలీలుగా నియోగించిరి. సంస్కరణమను పేరు ఒకవైపు, చవుకగా దొరకు కూలి మరియొకవైపు!

ఇంతకును ఎరుకలవారు, సుగాలీలు ఎందుచేత అనుమానమునకు పాత్రులైరి? అంతకుముందు వారు దేశమునకు పనికివచ్చిన వర్తకులు. సముద్రతీరమునుండి ఉప్పును, మెట్టసీమలనుండి ధాన్యమును గాడిదలమీదను ఎద్దులమీదను వేసికొని సంతలకు చేర్చెడివారు. ఉప్పుపై ప్రభుత్వపు గుత్తాధికారము వారి బేరమును కుదించెను. 1876-78 సంవత్సరముల మహాక్షామము కర్నూలు సీమను పీల్చి పిప్పిచేసెను. 1882 నాటి మద్రాసు అటవీచట్టము పశువుల మేతకు, వెదురునకు, ఈతాకునకు అడ్డుతగిలెను. 19వ శతాబ్దము ముగియకముందే నల్లమలను తొలిచి గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా రైలు నడచెను. రైలుపెట్టె మోయగల ఉప్పును గాడిద మోయగలదా? ఒక్క తరములో జీవనాధారము పోయినది. తిరుగుట మాత్రము మిగిలినది. స్థిరనివాసమున్నవారి కన్నులకు పనిలేక తిరుగువాడు దొంగగా కనిపించుట వింతగాదు. ఒక వృత్తికి పట్టిన దుర్గతిని ఒక జాతి స్వభావముగా భ్రమించిరి. ఇదియే మొదటి పొరపాటు.

ఇక మనుష్యులను రకములుగ చూచు అలవాటు ప్రాచీనమైనది. గ్రీకువైద్యులు నాలుగు శరీరరసములనుబట్టి నాలుగు స్వభావములను చెప్పిరి. మన ఆయుర్వేదము వాత, పిత్త, కఫ ప్రకృతులను చెప్పెను. సత్త్వ రజస్తమో గుణముల మాట తెలియని తెలుగువాడు లేడు. మన కాలమున స్విట్జర్లాండు దేశీయుడైన యూంగు 1921లో ప్రకటించిన గ్రంథమున అంతర్ముఖులు, బహిర్ముఖులు అను విభాగమును చేసెను. నేడు పరీక్షాపత్రములమీదను చేతిఫోనులమీదను కనబడు 'మీరే రకము?' అను ప్రశ్నలకు ఆ గ్రంథమే ముత్తాత. ఈ విభాగములన్నియు నిరర్థకములని అనరాదు. కొత్త విద్యార్థిని అర్థము చేసికొనుటకు అవి మొదటిమెట్టుగ పనికివచ్చును.

కాని శాస్త్రము ఆ మెట్టుమీద నిలువలేదు. తరగతిలోని పిల్లలను ఎత్తునుబట్టి పొడుగువారు, పొట్టివారు అని రెండుజట్లు చేయబోయినచో ఏమగును? నడిమి ఎత్తువారే హెచ్చుమంది యుందురు. గీత ఎక్కడ గీచినను అన్యాయమే. స్వభావమును అట్టిదే. మాటకారితనము, ఓర్పు, జంకు, క్రమశిక్షణ, కొత్తదనముపై కోరిక మొదలైన గుణములు ప్రతివానియందును ఏదో యొక పాలున కలవు. అందుచే నేటి మనస్తత్వవేత్తలు మనుష్యులను రకములుగ విడదీయక, గుణములను కొలుచుచున్నారు. అట్టి కొలతలలో ఐదు ప్రధాన గుణముల పద్ధతి బహుళ ప్రచారము పొందినది. కవలలను పరిశీలించి, ఈ గుణములలో వ్యక్తులమధ్య కనబడు భేదమునకు సుమారు 40 నుండి 50 శాతమువరకు అనువంశికత కారణమని లెక్కగట్టిరి. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ లెక్క ఒక జనసముదాయములోని వ్యక్తికి వ్యక్తికి గల భేదమును గూర్చినది. జాతికి జాతికి గల భేదమును గూర్చినది కాదు. పైగా పుట్టుకతో వచ్చునది జంకో, చొరవయో కాని, దొంగతనము కాదు. చొరవగల పిల్లవాడు సైనికుడు కావచ్చును, వర్తకుడు కావచ్చును, దొంగయు కావచ్చును. ఏ తలుపు అతనికి తెరచియున్నదో దానినిబట్టి యుండును.

రెండవది మనోవికారము. 'సైకో' అను మాట నేడు పిల్లల నోట తిట్టుగ చలామణి యగుచున్నది. కోపిష్ఠికి, ఒంటరిగ కూర్చుండువానికి, చెప్పినమాట విననివానికి అందరికిని అదే బిరుదు! వ్యక్తిత్వ వికారమని వైద్యులు చెప్పునది ఇట్లు ఒక్క చేష్టతో తేలునది కాదు. తన్నుగూర్చియు ఇతరులనుగూర్చియు భావించు తీరు చిరకాలముగ వంకరపోయి, ఇంట, బడిలో, పనిలో అన్నిచోట్లను ప్రకటమగుచు, ఆ వ్యక్తికో చుట్టునున్నవారికో దుఃఖము కలిగించుచున్నప్పుడే ఆ పేరు తగును. అమెరికా మనోవైద్యుల 2013 నాటి పట్టికలో అట్టి వికారములు పది కలవు. 2022లో అమలునకు వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వర్గీకరణము ఆ వేర్వేరు పేర్ల పద్ధతిని చాలవరకు విడిచి, తీవ్రతను స్వల్పము, మధ్యమము, తీవ్రము అని కొలుచు మార్గమును పట్టినది. వైద్యశాస్త్రము కూడ రకములనుండి కొలతలకు నడచుచున్నదన్నమాట.

ఇతరుల హక్కులను లెక్కచేయని సంఘవిరుద్ధ వ్యక్తిత్వమను వికారమునే తీసికొందము. నేరస్వభావమనుమాటకు దగ్గరగా వచ్చునది యిదియే. ఆ అమెరికా పట్టిక ప్రకారము 18 ఏండ్లు నిండనివానికి ఆ పేరు పెట్టరాదు. 15 ఏండ్ల లోపలనే నడవడి దోషము కనబడినట్లు అతని చరిత్రలో ఆధారముండవలెను. అనగా వైద్యుడు వ్యక్తి బాల్యమునుండి చేసిన పనులను ఒక్కొక్కటిగా విచారించి, ఎన్నో మినహాయింపులు చూచుకొని, అప్పుడు గాని నోరు మెదపడు. 1871 చట్టము చేసినదేమి? వ్యక్తిని చూడకయే, పుట్టని బిడ్డతోసహా, జాతికంతటికి ఒకే నిదానమును వ్రాసిపెట్టెను. కనుక ఆ ముద్ర రోగనిర్ణయము కాదు. దానికి నేర్పరితనపు వేషము వేసికొన్న దురభిప్రాయము.

ఆ వేషమునకు శాస్త్రము కొన్నాళ్లు బట్టలిచ్చిన మాట నిజము. ఇటలీ దేశపు వైద్యుడు లొంబ్రోజో 1876లో, పుట్టునేరస్థుని దవడలను, చెవులను, నుదురును చూచి గుర్తింపవచ్చునని సిద్ధాంతము చేసెను. ఇంగ్లండులో చార్లెస్ గోరింగు సుమారు 3000 మంది ఖైదీలను ఓపికతో కొలిచి, ఇతరులతో పోల్చి, అట్టి శరీరరకమేదియు లేదని 1913లో ప్రకటించెను. సరిగ్గా ఆ సంవత్సరముననే మన స్టూవర్టుపురమునకు పునాది పడినది. శాస్త్రము విడిచిన వస్త్రమును పరిపాలన కట్టుకొన్నది.

మూడవది దురభిప్రాయము. ఇది యెక్కడ పుట్టును? 1950లో అడోర్నో ప్రభృతులు అమెరికాలో ప్రకటించిన గ్రంథమున ఒక సమాధానము కలదు. కఠినశిక్షలమధ్య పెరిగి, పెద్దలకు లొంగి, బలహీనులను అణచు నొక నిరంకుశ వ్యక్తిత్వము కలదనియు, దురభిప్రాయము దాని లక్షణమనియు వారు చెప్పిరి. ఈ మాట వినసొంపుగ నున్నది. ఏలయన తప్పంతయు ఎవ్వరో చెడ్డవారిపైకి పోవును. కాని పెటిగ్రూ అను శాస్త్రవేత్త 1958లో దక్షిణాఫ్రికాను, అమెరికా దక్షిణరాష్ట్రములను పోల్చిచూచి, అచ్చటి వర్ణద్వేషమును వ్యక్తిత్వముకంటె ఊరివాడుక హెచ్చుగ వివరించుచున్నదని చూపెను. నలుగురు నడచిన దారిని నడచుటయే అందు ముఖ్యము. సాధువులు, దయగలవారు, తమ పిల్లలను ముద్దుచేయువారు కూడ పొరుగు గూడెమునుగూర్చి క్రూరమైన మాటను నిశ్చింతగ అనగలరు. అది వారి మనోవికారము కాదు. వారు నేర్చిన పాఠము.

ఈ పాఠమెంత తేలికగ అంటునో చూపిన ప్రయోగములు కలవు. టాజ్‌ఫెల్ అను నాతడు 1970 ప్రాంతమున ఇంగ్లండులోని బ్రిస్టలు నగరమున బడిపిల్లలను రెండుజట్లుగ విడదీసెను. ఆధారము ఏమియు లేదు. తెరమీది చుక్కలను ఎక్కువగ అంచనా వేసినవారొకజట్టు, తక్కువగ వేసినవారొకజట్టు అని చెప్పెను, అంతే. పిల్లలు డబ్బు పంచవలసి వచ్చినప్పుడు తమ జట్టుకే మొగ్గిరి. 1968 ఏప్రిలులో మార్టిన్ లూథర్ కింగు హత్య జరిగిన మరునాడు జేన్ ఇలియట్ అను పల్లెటూరి ఉపాధ్యాయిని తన మూడవతరగతి పిల్లలను కన్నుల రంగునుబట్టి విడదీసి, ఒకరంగువారు అధికులని చెప్పెను. ఆ పూటకే అధికులనబడినవారు అహంకరించిరి, అధములనబడినవారు పాఠములో వెనుకబడిరి. మరల రంగులు మార్చగా ఫలితమును మారెను. పిల్లలను బాధపెట్టు ఇట్టి ప్రయోగమును మనము అనుకరింపనక్కరలేదు. మన ఊళ్లలో అది ప్రయోగము కాక నిత్యజీవితముగనే నడచుచున్నది. రంగులు మార్చువాడు మాత్రము లేడు.

'నిప్పులేనిదే పొగరాదు' అని పెద్దలు అడ్డుపడుదురు. ఆ జాతులలో దొంగలు పట్టుబడిన మాట అబద్ధమా అని ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను దాటవేయరాదు. పట్టుబడినవారు ఉన్నారు. వారి దొంగతనముచేత నష్టపడిన ఇండ్లు కలవు. ఆ బాధ నిజమైనది. కాని దొంగతనము జరిగిన ప్రతిసారి మొదట ఒకే గూడెమును సోదా చేసినచో, దొరకిన దొంగలు ఆ గూడెములోనే దొరకుదురు. సోదా చేయని వీధిలోని దొంగ లెక్కకు రాడు. ఆ లెక్క చూపి మరల అదే గూడెమునకు పోదురు. పనికి పోయినవానిని పేరువిని పంపివేయుదురు. పని దొరకనివాడు తప్పుదారి తొక్కినచో 'చూచితిరా' అందురు. నిప్పు ఉన్నమాట నిజమే కావచ్చును. దానిని రాజేసినదెవరో కూడ విచారింపవలెను గదా!

ఆ నిప్పును ఆర్పవచ్చునని చూపినవారును మన తెలుగువారే. మహాకవి జాషువ కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం 1970 దశకమున స్టూవర్టుపురమునకు పోయి, పోలీసుల సహాయమునకంటె పరిచయమును నమ్ముకొని, నేరవృత్తిలో నున్నవారితో కూర్చుండి మాటలాడి, వారి పిల్లల చదువులకు పూనుకొనిరి. పుట్టుస్వభావమే నిజమైనచో అట్టి ప్రయత్నమునకు అర్థమే లేదు. అయినను ఊరి పేరు మాత్రము వెండితెరమీద దొంగతనమునకు మారుపేరుగ నిలిచినది. 1991లో 'స్టూవర్టుపురం దొంగలు', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' అను చిత్రములు వెలువడినవి. రెండవదానిపై అభ్యంతరములు న్యాయస్థానమువరకు పోయినవి. ఊరిపేరు చెప్పి ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొను యువకునకు ఇట్టి వినోదమెంత ఖరీదైనదో ఊహింపదగినది.

చట్టము వంతు కూడ ముగియలేదు. మద్రాసు రాష్ట్రము 1947లోనే ఆ చట్టమును తొలగించెను. తక్కిన దేశమున 1952 ఆగస్టు 31వ తేదీన అది రద్దయ్యెను. ఆ దినమును విముక్త జాతులు పండుగగ జరుపుకొందురు. కాని జాతి స్థానమున అలవాటుపడిన నేరస్థుడు అను వ్యక్తిని నిలిపి పలురాష్ట్రములు కొత్తచట్టములు చేసినవి. ఆంధ్రప్రదేశ్ చట్టము 1962 నాటిది. వ్యక్తి శిక్షలనుబట్టి నిర్ణయించుట సిద్ధాంతమునకు మేలే. ఆచరణలో పాతకళ్లే కొత్త అద్దములలోనుండి చూచినవి. 2024 తీర్పు ఈ మాటను కూడ ముట్టినది: చట్టము నిర్వచించినవాడే అలవాటుపడిన నేరస్థుడు కావలెను గాని, పుట్టుకనుబట్టి కారాదనినది. విముక్త జాతులవారిని నిష్కారణముగ నిర్బంధింపరాదని పోలీసులకు హెచ్చరిక చేసినది.

న్యాయస్థానము పట్టికలోని గడిని కొట్టివేయగలదు. ఉపాధ్యాయుని మనస్సులోని గడిని ఎవరు కొట్టివేయవలెను? మార్కాపురము, గిద్దలూరు, యర్రగొండపాలెము, దోర్నాల ప్రాంతముల పాఠశాలలలోను వసతిగృహములలోను ఎరుకల, సుగాలి, యానాది, చెంచు బాలబాలికలు చదువుచున్నారు. తరగతిలో పెన్నో, పది రూపాయలో పోయినప్పుడు ఉపాధ్యాయుని చూపు మొదట ఎవరిమీద వ్రాలునో తక్కిన పిల్లలు గమనింతురు. నోటితో చెప్పిన నీతిపాఠము ఆ క్షణమున ఓడిపోవును, కంటితో చెప్పిన పాఠము గెలుచును. రోసెంతాల్, జేకబ్సన్ అనువారు 1968లో, ఉపాధ్యాయుడు ఆశించిన తీరుననే విద్యార్థి ఎదుగునని వాదించిరి. తరువాతి పరిశోధకులు ఆ ప్రభావము మొదట చెప్పినంత పెద్దది కాదనిరి. కాని నిందకు గురియైన వర్గముల పిల్లలమీద అది హెచ్చుగ నుండుననియు గుర్తించిరి. మనకు కావలసిన మాట ఈ రెండవదే.

చేయదగిన దేమి? ఆల్‌పోర్టు 1954లో దురభిప్రాయమునుగూర్చి వ్రాసిన గ్రంథమున ఒక మార్గము చూపెను. వేర్వేరు వర్గములవారు ఊరక ఒకచోట కూడిన చాలదు. సమానహోదాతో కలియవలెను, ఒకే లక్ష్యముండవలెను, ఆ లక్ష్యమునకు చేయిచేయి కలుపవలెను, పైవారి అండ యుండవలెను. 2006లో పెటిగ్రూ, ట్రాప్ అనువారు 500లకు పైబడిన పరిశోధనలను కూర్చి చూచి, కలయిక దురభిప్రాయమును తగ్గించునని నిర్ధారించిరి. ఇందుకు ధనవ్యయము లేదు. భోజనపు బంతిలో, ఆటల జట్టులో, నాయకుని ఎన్నికలో, బడితోట పనిలో ఈ నాలుగు నియమములను పాటింపవచ్చును. వస్తువు పోయినచో అందరిసంచులు వెదకుడు. లేదా ఎవ్వరిసంచియు వెదకకుడు. విద్యార్థి నడవడిని వ్రాయవలసివచ్చినప్పుడు అతడేమి చేసెనో వ్రాయుడు. ఏమి వాడో వ్రాయకుడు. 'నిన్న అబద్ధమాడెను' అనునది వాస్తవము. 'అబద్ధాలకోరు' అనునది తీర్పు. వాస్తవము రేపు మారుటకు చోటిచ్చును, తీర్పు ఇయ్యదు. మనోవ్యాధి అనుమానము కలిగినచో పేరుపెట్టుట మానుకొని వైద్యునికడకు పంపుట మేలు.

మనస్సును వ్రాయని పలకతో పోల్చుట పాశ్చాత్య తత్త్వవేత్తలకు పాత వాడుక. పలకల గనులకు పేరుపొందిన మార్కాపురమువారికి ఆ పోలికలోని లోపము వెంటనే తెలియును. ఏ రెండు రాళ్లును ఒకేవిధముగ చీలవు. పలకకు తన గీర, తన మెరుగు పుట్టుకతోనే యుండును. పిల్లవాని స్వభావము అట్టిది. కాని దానిమీది వ్రాత రాతిది కాదు, బలపము పట్టినవానిది. 1871లో వ్రాసిన మాటను 1952లో సగము తుడిచితిమి, 2024లో మరికొంత తుడిచితిమి. మిగిలినది చిన్న అక్షరములతో, మన మాటలలోను, చూపులలోను, అనుమానములలోను ఉన్నది. దానిని తుడుచు గుడ్డ న్యాయమూర్తుల చేతికంటె ఉపాధ్యాయుల చేతికే దగ్గరగా నున్నది.